రాతి పలకల కప్పు

థేమ్స్ నది ఎగువన, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉన్న కెల్మ్‌స్కాట్ మేనర్ పేరు వింటే జమీందారీ భవనం అనిపిస్తుంది గానీ, పుట్టుకతో అది రైతు ఇల్లు. టర్నర్ అనే వ్యవసాయ కుటుంబం 1600 ప్రాంతంలో కట్టించింది. దాని తీరు తెలియాలంటే కప్పు నుంచి కిందికి చూస్తూ రావాలి.

కప్పు మీద పరిచినవి సున్నపురాతి పలకలు. ఈ ప్రాంతపు రాయి జురాసిక్ కాలపు లోతులేని సముద్రాల్లో పేరుకున్నది. చాలాచోట్ల చేప జనలాంటి సన్నటి గుండ్రని రేణువులు అందులో కనిపిస్తాయి. పొరలుగా విడిపోయే రకం పలకలకు పనికొస్తుంది. అదే జిల్లాలోని స్టోన్స్‌ఫీల్డ్ గనుల్లో ఆ విడదీసే పనిని చలికే అప్పగించేవారు. తవ్విన దిమ్మెలను తడి ఆరనివ్వకుండా కాపాడి, శీతకాలంలో ఆరుబయట పరిచేవారు. లోపలి నీరు గడ్డకట్టి ఉబ్బితే రాయి పొరలు విడేది. ముందే ఎండిపోయిన రాయి ఇక విడిపోదు. ఈ గనుల్లో దొరికిన ఎముకలతోనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త విలియం బక్లాండ్ 1824లో మెగాలోసారస్‌ను వర్ణించాడు. శాస్త్రీయంగా పేరు పొందిన తొలి డైనోసార్ అది.

పలక పైఅంచున బెజ్జం వేసి, ఓక్ చీల దూర్చి, చెక్క బద్దెకు తగిలిస్తారు. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి పోయేకొద్దీ చిన్నవి. నీరంతా చేరే చూరు దగ్గర అతుకులు తగ్గుతాయి, పెద్ద పలకల బరువు గోడకు దగ్గరగా పడుతుంది, చిన్న ముక్క కూడా వృథా పోదు. ఇంత పొదుపూ ఇంత అందమూ ఒకే ఏర్పాటులో కుదరడం అరుదు.

రాయి నీరు పీలుస్తుంది. వాన వెంటనే జారిపోవాలని కప్పును సుమారు 50 డిగ్రీల వాలుతో నిలబెడతారు. అంత వాలుతో వెడల్పాటి ఇల్లు కడితే కప్పు మరీ ఎత్తైపోతుంది. అందుకే ఇక్కడి పాత ఇళ్లు చాలావరకు ఒక గది వెడల్పునే సాగుతాయి. పెద్ద అటకలకు వెలుతురు కోసం ముక్కోణపు గోడలు లేపి కిటికీలు పెట్టారు. బరువు మోసేవి సున్నంతో కట్టిన మందపాటి రాతిగోడలు. వాటికి సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక రాయి దెబ్బతింటుంది.

1871లో కవి, రూపశిల్పి విలియం మోరిస్, చిత్రకారుడు రోజెట్టితో కలిసి ఈ ఇంటిని అద్దెకు తీసుకున్నాడు. బాగుచేసే పేరిట పాత కట్టడాల రూపు మార్చడాన్ని ఎదిరిస్తూ 1877లో ఒక సంఘం స్థాపించాడు. నిత్యం చేసే చిన్న మరమ్మతులే కట్టడాన్ని కాపాడతాయన్నది దాని వాదం. 1962 నుంచి ఈ ఇల్లు లండన్‌లోని సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ సంరక్షణలో ఉంది.