చియెన్‌లుంగ్ చక్రవర్తి అభిరుచులు

చీనా దేశాన్ని 1735 నుండి 1796 వరకు పాలించిన చింగ్ వంశపు ప్రభువు చియెన్‌లుంగ్ ఏ పూట ఏమి భుజించాడో, దానిని ఎవరు వండారో ఆస్థాన లేఖకులు దినదినమూ వ్రాసి ఉంచారు. ఒక మహాసామ్రాట్టును యుద్ధభూమిలో కాక భోజనశాలలో చూసే అవకాశం ఆ పత్రాలవల్ల మనకు కలిగింది.

ఆయన మంచూ జాతీయుడు. పాలు కలిపిన తేనీరు, జింకమాంసం వంశానుగతంగా సంక్రమించిన రుచులు. అయితే 1751–1784 మధ్య ఆరు పర్యాయాలు దక్షిణ ప్రాంతాలలో పర్యటించి సూచౌ నగరపు పాకానికి వశుడైనాడు. అక్కడి వంటవాడైన చాంగ్ తుంగ్‌కువాన్‌ను కొలువులో చేర్చుకున్నాడు. ఇక నీటి విషయమైతే చెప్పనక్కరలేదు. వేర్వేరు ఊటల నీటిని వెండిపాత్రతో తూచి, తేలికైనదే శ్రేష్ఠమని నిర్ణయించి, బీజింగ్ సమీపంలోని యూచువాన్ ఊటకు అగ్రస్థానమిచ్చాడు. హిందుస్థానం నుండి వచ్చిన మొగలాయి శైలి జేడ్ గిన్నెలంటే ఆయనకు ఎంత మక్కువ అంటే, తాను అల్లిన పద్యాలను వాటిమీదనే చెక్కించాడు. (ఆయన పేర 40,000 పైచిలుకు పద్యాలున్నాయి, అన్నీ మంచివని ఎవరూ అనరు.)

ఆ భోజన పత్రాలలో మనం ప్రత్యేకించి చూడవలసినది రుంగ్ ఫేయ్ రాణి ప్రస్తావన. నేటి షిన్‌జియాంగ్ ప్రాంతం చింగ్ సేనలకు లొంగిన మరుసటి సంవత్సరం, అంటే 1760లో, అంతఃపురంలో ప్రవేశించిన ఉయ్‌గుర్ ముస్లిం వనిత ఆమె. రాజును తిరస్కరించి ప్రాణాలు విడిచిన ‘పరిమళరాణి’ ఈమేనని ఒక కథ ప్రచారంలో ఉంది. అది కట్టుకథ. ఆమె 1788లో మరణించేవరకు ఆ అంతఃపురంలోనే గౌరవంగా జీవించింది. ఆమెకు వేరుగా ముస్లిం వంటవాడు ఉండేవాడు. 1765 నాటి దక్షిణ పర్యటనలో చక్రవర్తి ఆమెకు పంపిన వంటకాలు ఆమె మతాచారానికి తగినవే. 1979లో ఆమె సమాధిని పరిశీలించినప్పుడు, శవపేటికపై బంగారు వర్ణపు అరబీ లిపిలో ఖురాన్ వాక్యాలు కనిపించాయి. విజేత ఇంట మెలగిన స్త్రీకి తన కూడు, తన ప్రార్థన మిగలడం స్వల్పవిషయం కాదు.

పళ్ళెం దగ్గర చూపిన ఈ మన్నన పుస్తకం దగ్గర లేదు. 1773లో ఆయన ఆజ్ఞతో ఆరంభమైన మహాగ్రంథ సంకలనం సుమారు 36,000 సంపుటాలుగా ఏడు ప్రతులు తయారైంది. అందుకై దేశమంతటినుండి సేకరించిన గ్రంథాలలో మంచూలకు వ్యతిరేకమనిపించినవాటిని వేరుచేసి అగ్నికి ఆహుతి చేశారు. వాంగ్ షీహౌ అనే పండితుడు తాను కూర్చిన నిఘంటువులో చక్రవర్తుల నామాక్షరాలను నిషేధానికి విరుద్ధంగా అచ్చువేశాడు. 1777లో ఆయనకు మరణశిక్ష విధించారు. ఆయన గ్రంథాలను కాల్చివేశారు.