పాలలో కణాల లెక్క

పూతలపట్టు చుట్టుపక్కల మామిడి ఏడాదికి ఒక్కసారే డబ్బు చూపిస్తుంది. నెలనెలా ఇల్లు గడవాలంటే పాలబిల్లే దిక్కు. ఆ పాలకు ధర కట్టేది రెండు అంకెలు చూసి: వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం). ఆవు ఆరోగ్యం చెప్పే మూడో అంకె చీటీలో కనిపించదు. అది మిల్లీలీటరు పాలలోని కణాల సంఖ్య. నన్నడిగితే, ముందు చూడాల్సింది దాన్నే.

ఏ ఆవు పాలలోనైనా కణాలుంటాయి. ఆరోగ్యంగా ఉన్న పొదుగులో మిల్లీలీటరుకు లక్ష లోపు. పొదుగు లోపలి పొర నుంచి రాలినవి కొన్ని, కాపలా తిరిగే తెల్లరక్త కణాలు మిగతావి. 2 లక్షలు దాటితే పొదుగువాపు మొదలైందని అనుమానించాలి. యూరప్ సమాఖ్య సేకరించే పాలకు పెట్టుకున్న హద్దు 4 లక్షలు, అమెరికాది 7.5 లక్షలు.

జబ్బు చేసే బ్యాక్టీరియా ఒక్కోటి సుమారు 1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాన్ని మింగడానికి రక్తంలోంచి వచ్చే తెల్లకణం 10 నుంచి 15 మైక్రాన్లు. దాని కేంద్రకం గుండ్రంగా ఉండదు, మూడు నాలుగు తమ్మెలుగా విడిపోయి ఉంటుంది. ఇరుకు సందుల్లోంచి ఒదిగి దూరడానికి ఆ ఆకారం పనికొస్తుంది. పొదుగులోకి సూక్ష్మజీవి చేరిన కొన్ని గంటల్లోనే ఈ కణాలు లక్షల్లో వచ్చి పడతాయి. అయినా పాలు తెల్లగానే ఉండొచ్చు, పొదుగు మెత్తగానే ఉండొచ్చు. రైతుకు నష్టం తెచ్చేది ఎక్కువగా ఇలా కంటికి కనపడని దశే.

ఆ దశను కనిపెట్టే పరీక్ష 1957 నాటిది, కాలిఫోర్నియాలో పుట్టింది. నాలుగు గుంటల పళ్లెంలో నాలుగు చనుకట్ల పాలు విడివిడిగా పిండి, అంతే కొలత డిటర్జెంట్ ద్రవం పోసి తిప్పుతారు. ఆ ద్రవం దొరక్కపోతే లీటరు నీటిలో 30 గ్రాముల బట్టల పొడి కలిపినా పనవుతుంది. మంచి పాలు నీళ్లలాగే కదులుతాయి. కణాలు పెరిగిన పాలు చూస్తుండగానే చిక్కబడి, పళ్లెం వంచితే జిగురుగా సాగుతాయి.

ఆ జిగురు ఎక్కడిది? కణాన్ని చుట్టి ఉండే త్వచం రెండు వరసల కొవ్వు అణువులతో కట్టిన పొర. మందం 7, 8 నానోమీటర్లు. అలాంటివి లక్ష పేర్చినా ఒక మిల్లీమీటరు కాదు. జిడ్డు గిన్నెను సబ్బు విడిపించినట్టే డిటర్జెంట్ ఈ పొరను కరిగిస్తుంది, లోపలి కేంద్రకం పొరనూ కరిగిస్తుంది. 60 క్రోమోజోముల్లో చుట్టుకుని ఉన్న డీఎన్ఏ బయటపడి పోగులు పోగులుగా అల్లుకుంటుంది. పళ్లెంలో సాగేది అదే.

ఆవు కణం ఒక్కదానిలోని డీఎన్ఏని సాగదీస్తే దాదాపు 1.8 మీటర్లు. మిల్లీలీటరుకు 5 లక్షల కణాలుంటే లీటరు పాలలో 50 కోట్లు. గుణిస్తే 9 లక్షల కిలోమీటర్లు. చందమామ దాకా వెళ్లి తిరిగొచ్చే దూరం 7.7 లక్షలే.

అసలు పాలు తయారుచేసేవి వేరే కణాలు. వాటిలో రైబోజోములు ప్రోటీన్లను అల్లుతాయి. గాల్జీ సంచుల్లో పాలచక్కెర తయారై నీటిని లాక్కుంటుంది, పాల కొలత పెరిగేది దానివల్లే. ఈ పనులకు శక్తి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఏటీపీని గుర్తించింది 1929లో. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది గుర్తించాడు.

పొదుగువాపులో ఈ పాలు తయారుచేసే కణాలు దెబ్బతింటాయి, వాటి మధ్య అతుకులు వదులవుతాయి. పాలచక్కెర తగ్గుతుంది, రక్తంలోని ఉప్పు పాలలోకి దిగుతుంది. పాలు ఉప్పదేరాయని పెద్దవాళ్లు అనేది దీన్నే. దెబ్బ గట్టిదైతే ఆ కట్టులో పాలు మళ్లీ మునుపటంత రావు.

పదిహేను రోజులకోసారి పళ్లెం పరీక్ష చేయండి. చిక్కబడిన కట్టును చివర్లో పిండి, ఆ పాలు విడిగా పెట్టి, పశువైద్యుడిని పిలవండి. పాలు తీశాక చనురంధ్రం పూర్తిగా మూసుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆలోగా ఆవు పేడలో పడుకుంటే సూక్ష్మజీవులకు దారి దొరికినట్టే. అందుకే పిండిన వెంటనే ముందర పచ్చిగడ్డి వేసి, ఆ గంటసేపు దాన్ని నిలబడే ఉండనివ్వండి.