ఆకాశంలో నల్లని గుర్తు

కల్వకుర్తి ప్రాంతంలో ఎండ ఎక్కిన వేళ తల ఎత్తి చూస్తే గద్దలు వలయాలుగా తిరుగుతూ కనుపిస్తవి. ఒక విద్యార్థి అట్టి పక్షిని ఫోటో తీశాడనుకొందాము. పటంలో పడినది నల్లని చిన్న గుర్తు. అది గద్దా, డేగా, రాబందా?

పరిమాణాన్ని బట్టి చెప్పరాదు. చాచిన రెక్కల కొసల మధ్య దూరం గద్దకు రమారమి 1.5 మీటర్లు, షిక్రా అనే చిన్న డేగకు 0.6 మీటరు. 300 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకంతో తీస్తే 500 మీటర్ల దూరాన ఉన్న గద్ద, 200 మీటర్ల దూరాన ఉన్న షిక్రా, రెండూ 0.9 మిల్లీమీటరు ప్రతిబింబాన్నే ఇస్తవి! రంగునూ నమ్మరాదు, వెలుగు నిండిన ఆకాశం ముందు పక్షి అడుగుభాగం నల్లగానే పడుతుంది.

దూరంతో మారనివి నిష్పత్తులు. తోక పొడవును రెక్క వెడల్పుతో పోల్చవలెను. గద్ద తోక పొడవైనది, చివర నొక్కు ఉంటుంది. తోక విప్పినపుడు ఆ నొక్కు దాదాపు మాయమవుతుంది కనుక వరుసగా నాలుగైదు ఫోటోలు తీయడం మేలు. రాబందు రెక్కలు బాగా వెడల్పు, తోక పొట్టి, తల చిన్నది. రెక్కల కొసన వేళ్ళవలె విడివడిన ఈకలు గద్దకూ ఉన్నవి. అవి సాక్ష్యం కాజాలవు.

1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసిన సలీం అలీ నమూనాలను సేకరించి, చేతబట్టి పరీక్షించగలిగారు. ఫోటోకు ఆ సౌకర్యం లేదు. పైగా పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు వలన 1990ల నుండి మన దేశంలో రాబందులు అత్యధికంగా నశించినవి; పశువైద్యంలో దానిని 2006లో నిషేధించారు. కాబట్టి తోక స్పష్టంగా లేని ఫోటో కింద తేదీ, వేళ, స్థలం వ్రాసి, పేరు ఖాళీగా వదలవలెను.