నిప్పుల మీద పండిన నైవేద్యం

మాఘమాసంలో బహుళపక్షం ప్రవేశించగానే మన సంతలలో ఎర్రని తోలుతో, ఒంటినిండా మట్టితో దుంపలు రాశులుగా దర్శనమిస్తాయి. కోస్తాలో వాటిని చిలగడదుంపలంటాం. రాయలసీమలో గెనుసుగడ్డలంటారు. తెలంగాణలో ఒకచోట కందగడ్డ, మరొకచోట మోరంగడ్డ, ఇంకొకచోట రత్నపురిగడ్డ. పేరు ఏదైనా, మహాశివరాత్రినాడు ఉపవాసమున్న ఇంట ఈ దుంపకు ఒక స్థానముంది. పగలంతా పస్తుండి, సాయంసంధ్యలో శివదర్శనం చేసుకుని వచ్చిన వారికి ఉడికించినదో, నిప్పుల మీద కాల్చినదో ఒక్క దుంప ఫలహారంగా లభిస్తే, రాత్రి జాగరణకు కావలసిన సత్తువ చేకూరుతుంది.

అయితే ప్రతి సంవత్సరం ఈ రోజులలో భక్తులు నన్ను ఒక ప్రశ్న అడుగుతుంటారు. "అయ్యా, ఈ దుంప విదేశాల నుంచి వచ్చిందట కదా! ఉపవాసంలో తినవచ్చునా? స్వామికి నివేదించవచ్చునా?" అని. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే ముందు, నా యౌవనంలో నేను చేసిన ఒక అపరాధాన్ని మీకు విన్నవించుకోవాలి. ఎందుకంటే ఈ సమాధానం నాకు గ్రంథాలకంటే ముందు ఆ అపరాధమే నేర్పింది.

నా నోట వచ్చిన మాట

దాదాపు నలభై సంవత్సరాల క్రిందటి మాట. వేదపాఠశాలలో అధ్యయనం ముగించుకుని, మా గ్రామ శివాలయంలో నాన్నగారికి సహాయంగా అర్చనకు నిలిచిన కొత్త. చదివిన నాలుగు పనసలు నాలుక మీద ఆడుతున్న రోజులు. శివరాత్రినాడు మధ్యాహ్నం ఒక వృద్ధురాలు చిన్న ఇత్తడి పళ్లెంలో అరటి ఆకు పరచి, దాని మీద మూడు కాల్చిన చిలగడదుంపలు పెట్టుకుని వచ్చింది. వాటి మీద బూడిద ఇంకా పూర్తిగా పోలేదు.

"అయ్యగారూ, మా పెరటిలో కాసినవి. కుంపట్లో కాల్చి తెచ్చాను. స్వామికి చూపించండి" అన్నది.

నేను పళ్లెం వైపు చూసి, "మామ్మా, ఈ దుంప ఏ శాస్త్రంలోనూ లేదు. పైగా బూడిద కొట్టుకుని ఉంది. ఇవి దేవుడికి పనికిరావు" అన్నాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. పళ్లెం మీద కొంగు కప్పుకుని, ధ్వజస్తంభం దగ్గర నిలిచి నమస్కరించి వెళ్లిపోయింది.

గర్భాలయంలో ఉన్న నాన్నగారు ఆ మాటలన్నీ విన్నారు. లింగోద్భవ కాలపు అభిషేకం ముగిసేదాకా నాతో పలుకలేదు. ఆ తరువాత మంటపంలో కూర్చోబెట్టి ఇలా అన్నారు. "నాయనా, ఇంట వండి తెచ్చిన పదార్థం గర్భాలయంలోకి రాకూడదు. అది మన గుడి నియమం. ఆ మాట చెప్పి ఉంటే నువ్వు అర్చకుడివి. దుంప శాస్త్రంలో లేదన్నావు చూడు, అది నీ అహంకారం. ఉదయం నువ్వు నివేదించిన పులిహోరలో మిరపకాయ ఉంది కదా, అది ఏ శాస్త్రంలో ఉంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆయనే మళ్లీ అన్నారు. "పచ్చి దుంపలు తెచ్చిపెట్టమ్మా, మన వంటశాలలో కాల్చి నివేదిస్తాను అనాలి. నియమమూ నిలిచేది, ఆమె మనసూ నిలిచేది."

మరుసటి శివరాత్రికి నేనే సంతకు వెళ్లి దుంపలు కొని తెచ్చి, గుడి వంటశాలలో కాల్చి సిద్ధంగా ఉంచాను. ఆమె రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు. ఆమె పేరు, ఇల్లు నేను ఆనాడే అడిగి ఉండవలసింది. అడగలేదు. ఆనాటి నుంచి ప్రతి శివరాత్రికీ మా ఆలయంలో నివేదనలో కాల్చిన చిలగడదుంప ఒకటి తప్పక ఉంటుంది.

శాస్త్రం ఏమంటుంది?

ఇక ప్రశ్నకు వద్దాం. చిలగడదుంప పుట్టినిల్లు అమెరికా ఖండమన్నది నిజమే. 1498లో పోర్చుగీసు నావలు మన పడమటి తీరానికి చేరిన తరువాతి కాలంలో అనేక మొక్కలు సముద్రం దాటి వచ్చాయి. మిరప, వేరుశనగ, జామ, జీడిమామిడి, బొప్పాయి ఆ విధంగా వచ్చినవే. సాక్షాత్తు సీతమ్మ పేరు పెట్టుకున్న సీతాఫలం సైతం ఆ ఖండం నుంచి వచ్చినదే. చక్కెరపొంగలిలో జీడిపప్పును, పులిహోరలో వేరుశనగను, పళ్లెంలో జామపండును అంగీకరించిన మనం దుంప దగ్గర మాత్రం పుట్టుక అడగడం న్యాయం కాదు.

ఉపవాసం విషయంలో ధర్మశాస్త్ర గ్రంథాలు ఒక సంప్రదాయ వచనాన్ని ఉదాహరిస్తాయి. ఎనిమిది పదార్థాల వలన వ్రతానికి భంగం కలుగదని దాని సారాంశం. అవి జలం, మూలం, ఫలం, క్షీరం, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు ఆజ్ఞ, ఔషధం. ఇందులో మూలం అంటే భూమిలో పెరిగే దుంప, వేరు. కనుక నీరసించి నిలువలేని వారు ఒక దుంప స్వీకరిస్తే వ్రతం చెడదు. పూర్తి నిరాహారంగా ఉండగలిగిన వారికి అదే శ్రేష్ఠం.

నివేదన విషయంలో శ్రీమద్రామాయణాన్ని మించిన ప్రమాణం ఏముంటుంది? చిత్రకూటంలో తండ్రి మరణవార్త విన్న శ్రీరాముడు గారపిండికి రేగుపండ్లు కలిపి, దర్భల మీద పిండప్రదానం చేశాడు. భూమండలాన్ని ఏలిన దశరథ మహారాజుకు ఇటువంటి పిండమా అని కౌసల్యాదేవి దుఃఖించింది. అయినా మనుష్యుడు ఏది తింటాడో వాని దేవతలకూ అదే ఆహారమన్న లోకోక్తి సత్యమని అక్కడ ఆమెయే పలికింది. శ్రీకాళహస్తిలో కన్నప్ప స్వామికి సమర్పించినదీ తాను ఆరగించేదే. ఈ కథల అర్థం శౌచం అవసరం లేదని కాదు. మన ఇంట పండినది, మన నోటికి రుచించినది, శుచిగా సిద్ధం చేసి ప్రీతితో అర్పిస్తే స్వామి దాని వంశవృక్షం అడగడు.

కాల్చే విధానం

దుంపల ఎంపికలోనే సగం రుచి ఉంది. మరీ లావైనవి వద్దు. గుప్పిటలో ఇమిడే మధ్యరకం దుంపలు సమానంగా మగ్గుతాయి. తోలు మీద చిన్న చిన్న రంధ్రాలు ఉంటే లోపల పురుగు తొలిచిందని గ్రహించాలి. అటువంటిది చేదెక్కి ఉంటుంది, నివేదనకూ భోజనానికీ పనికిరాదు. తవ్విన వెంటనే కంటె పది పదిహేను రోజులు గాలి తగిలే చోట నిలవ ఉంచిన దుంప ఎక్కువ తియ్యగా ఉంటుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు. చలికి లోపల గట్టిపడి, ఎంత కాల్చినా మెత్తబడదు.

దుంపలను నీటిలో నానబెట్టి, మట్టి పూర్తిగా పోయేలా రుద్ది కడిగి, తడి ఆరనివ్వాలి. తోలు తీయరాదు. కుంపటిలో కొబ్బరి చిప్పలో, బొగ్గులో రాజేసి, మంట పూర్తిగా చల్లారి, నిప్పుల మీద తెల్లని బూడిద కప్పుకునే దాకా ఆగాలి. అప్పుడు దుంపలను ఆ బూడిదలో కప్పి, మధ్యమధ్య తిప్పుతూ 40 నుంచి 50 నిమిషాలు ఉంచాలి. సన్నని పుల్ల గుచ్చితే ఆటంకం లేకుండా దిగాలి. తోలు ముడతలు పడి, అక్కడక్కడ పాకం చిమ్మినట్లు కనబడితే పక్వమైనట్లే.

పట్టణాలలో కుంపటి లేని వారు ఓవెన్‌ను ఉపయోగించవచ్చు. దుంపలకు నాలుగైదు చోట్ల పుల్లతో గుచ్చి, పైన కొద్దిగా నెయ్యి రాసి, 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో 45 నిమిషాల నుంచి గంట వరకు ఉంచాలి. అల్యూమినియం కాగితం చుట్టకూడదు. చుడితే దుంప ఆవిరికి ఉడుకుతుందే గాని కాలదు.

తొందరపడి పెద్ద మంట మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, తీపి కూడా రాదు. దానికి కారణముంది. దుంపలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైము ఆ దుంపలోనే ఉంది. అది సుమారు 60 నుంచి 75 డిగ్రీల వేడి మధ్య బాగా పనిచేస్తుంది. సన్నని సెగ మీద దుంప ఆ దశలో ఎక్కువసేపు నిలుస్తుంది కనుక తీపి వృద్ధి చెందుతుంది. మనం బెల్లం చేర్చలేదు, పంచదార చేర్చలేదు. నిదానమైన తాపమే దానిలోని తీపిని వెలికితీసింది. తపస్సు అన్న మాటకు మూలం తాపమే కదా!

పారణనాటి ఆధరువు

శివరాత్రి సాయంకాలం తోలు వలిచి, చిన్న ముక్కలు చేసి, కొద్దిగా నెయ్యి, మిరియాల పొడి, సైంధవ లవణం చల్లి నివేదిస్తే చాలు. తీపి ఇష్టపడే ఇళ్లలో పచ్చికొబ్బరి కోరు, ఏలకుల పొడి కలుపుకోవచ్చు.

మరునాడు ఉదయం పారణ భోజనంలో పప్పు అన్నానికి తోడుగా ఈ దుంపతో చక్కని ఆధరువు సిద్ధం చేసుకోవచ్చు. నలుగురికి మూడు మధ్యరకం దుంపలు చాలు. కాల్చి, తోలు వలిచి, పూర్తిగా చల్లారిన తరువాత చేతితో మెదిపి, రెండు గిన్నెల గట్టి కమ్మని పెరుగులో కలపాలి. అల్లం ముక్క, ఒక పచ్చిమిర్చి కలిపి నూరి వేయాలి. తగినంత సైంధవ లవణం చేర్చి, చెంచా నేతిలో జీలకర్ర, కరివేపాకు వేయించి తాలింపు పెట్టాలి. కాల్చిన దుంప పరిమళం, పెరుగు పులుపు, అల్లం ఘాటు కలిసిన ఈ పెరుగుపచ్చడి ఒక రోజు పస్తున్న కడుపుకు హాయిగా ఉంటుంది. దుంప వేడిగా ఉండగా మాత్రం పెరుగు కలుపవద్దు, విరుగుతుంది.

ఎవరికి ఎంత?

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం నా ధర్మం. కాల్చిన దుంప తియ్యగా ఉంటుంది కనుక రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. ఉడికించినది దానికంటె నెమ్మదిగా పెంచుతుంది. మధుమేహం ఉన్నవారు ఉడికించిన దుంపను, అదీ కొద్దిగానే తీసుకోవడం మేలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగి గాని తినరాదు, ఎందుకంటే ఇందులో పొటాషియం అధికం. వ్రతం పేరిట మందులు మానివేయడం ధర్మం కాదు. పైన చెప్పిన ఎనిమిదింటిలో ఔషధం కూడా ఉన్నదని మరువకండి. బాలురు, వృద్ధులు, గర్భవతులు, రోగులు శరీరాన్ని హింసించుకోనక్కరలేదు.

ఆరోగ్యవంతులకు చెప్పవలసినది మరొకటి. ఉపవాసమంటే భగవంతునికి సమీపంలో వసించడం. ఇప్పుడు కొన్ని ఇళ్లలో శివరాత్రినాడు అన్నం ఒక్కటే లేదు. సగ్గుబియ్యం వడలు, నూనెలో వేయించిన చిప్స్, హల్వాలు మాత్రం విస్తరి నిండా ఉంటాయి. వంటగదిలోనే గృహిణికి పగలు గడిచిపోతే ఆ తల్లి స్వామికి సమీపంలో ఎప్పుడు వసిస్తుంది? దుంపను బూడిదలో పెట్టి, పక్కన కూర్చుని పంచాక్షరి జపించుకోవచ్చు. మధ్యలో ఒకటి రెండుసార్లు తిప్పితే చాలు. దాని పని అది చేసుకుంటుంది, మన పని మనం చేసుకోవచ్చు. శివరాత్రికి దీనిని నేను మెచ్చుకోవడానికి రుచి కన్న ఇదే పెద్ద కారణం.

కనుక రాబోయే శివరాత్రికి మీ ఇంట ఒక్క దుంపనైనా నిప్పుల మీద కాల్చి, ముందుగా స్వామికి అర్పించి, ఇంటిల్లిపాదీ పంచుకోండి. ఆలయానికి తీసుకొని వెళ్లదలిస్తే పచ్చి దుంపలుగానే తీసుకొని వెళ్లి అర్చకుని చేతికి ఇవ్వండి. ఇక మీ గుమ్మంలోకో, మీ పూజామందిరం ముందుకో ఎవరైనా తమకు చేతనైనది పళ్లెంలో పెట్టుకుని వస్తే, ముందు వారి పేరు అడిగి, కూర్చోబెట్టండి. నియమాలు ఆ తరువాత నెమ్మదిగా చెప్పవచ్చు. ఆ పరమేశ్వరుడు మీ ఇంట ఎల్లవేళలా ప్రసన్నుడై ఉండుగాక!