గబ్బిలాలన్నీ ఒకటి కావు... చూసి గుర్తుపట్టండి!

జామతోట పక్వానికి వచ్చిందంటే గబ్బిలాల బెడద మొదలవుతుంది. తెల్లారి చూస్తే చెట్టు కింద కొరికి పడేసిన కాయలే. ఆ కోపంలో రైతులు కొందరు ఊళ్లోని పాడుబడ్డ ఇంట్లోనో, పాత గుళ్లోనో ఉన్న గబ్బిలాలకు పొగ పెడతారు. కానీ మీరు పొగ పెట్టింది మీ జామకాయ కొరికిన గబ్బిలానికేనా? అది కాయ ముట్టకుండా, రాత్రంతా మీ చేలో పురుగుల్ని తినే రకం కూడా కావచ్చు. అందుకే ముందు రకం తెలుసుకోవాలి.

ప్రపంచంలో 1400కు పైగా గబ్బిలం జాతులున్నాయి. రైతు అవసరానికి వీటిని రెండు రకాలుగా విడదీస్తే చాలు. ఒకటి పండ్లు తినేవి, రెండు పురుగులు తినేవి.

పండ్ల గబ్బిలాలు

వీటి మొహం కుక్క మొహంలా, నక్క మొహంలా ఉంటుంది. కళ్లు పెద్దవి. ముక్కు మీద పొరలేమీ ఉండవు. కంటిచూపుతో, వాసనతో ఆహారం వెతుక్కుంటాయి. మన ప్రాంతంలో ముఖ్యంగా మూడు కనిపిస్తాయి.

1. పెద్ద గబ్బిలం: మర్రి, రావి, చింత వంటి పెద్ద చెట్లకు పగలు గుంపులుగా తలకిందులుగా వేలాడేది ఇదే. రెక్కలు చాపితే నాలుగడుగుల దాకా ఉంటుంది.

2. పొట్టిముక్కు గబ్బిలం: చాలా చిన్నది. చెవుల అంచులు తెల్లగా ఉంటాయి. తాటాకుల కింద, గుబురు చెట్లలో ఉంటుంది. ఆకుల్ని కొరికి గుడారంలా వంచుకుంటుంది.

3. గుహ గబ్బిలం: గుహల్లో, కోటల్లో, పాత బావుల్లో గుంపులుగా ఉంటుంది. నాలుకతో టిక్ టిక్ మని చప్పుడు చేస్తూ చీకట్లో దారి పోల్చుకుంటుంది.

పురుగుల గబ్బిలాలు

ఇవి మన చెవికి వినపడని సన్నని కూతలు కూస్తాయి. ఆ కూత పురుగుకు తగిలి తిరిగొస్తే, దాన్నిబట్టి పురుగు ఎక్కడుందో పసిగడతాయి. అందుకే వీటిలో చాలావాటికి చెవులు పెద్దవి, కళ్లు చిన్నవి. కొన్నింటికి ముక్కు మీద ఆకులాంటి పొర కూడా ఉంటుంది. పొద్దుగూకగానే వీధి దీపం చుట్టూ గిరగిరా తిరిగే బుల్లి గబ్బిలం ఈ రకమే. పెంకుల సందుల్లో కాపురముంటుంది, పది గ్రాములు కూడా తూగదు. రెండు చెవులూ నడినెత్తిన కలిసిపోయి ఉండే పెద్ద చెవుల గబ్బిలం మిడతల్ని, ఎలుకల్ని కూడా పట్టి తింటుంది.

థాయిలాండ్‌లో ముడతల పెదవి గబ్బిలాల్ని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, అవి వరి పైరుకు చేటు చేసే తెల్లవీపు దోమను పెద్ద ఎత్తున తింటున్నాయని తేల్చారు. దోమకు మందు కొట్టి విసిగిన వరి రైతుకు ఈ సాయం విలువ వేరే చెప్పాలా?

పట్టుకోకుండానే పోల్చుకోవచ్చు

గబ్బిలం ఉండే చోట కింద నేల చూడండి. నమిలి ఉమ్మేసిన పిప్పి, పండ్ల గింజలు పడి ఉంటే అవి పండ్ల గబ్బిలాలు. ఎలుక పెంటికల్లాంటి ఎండు రెట్ట ఉంటే పుల్లతో నలపండి. పొడిపొడిగా రాలి, అందులో పురుగుల రెక్కల ముక్కలు తళతళలాడితే అవి పురుగుల గబ్బిలాలు. ఎలుక పెంటిక అలా పొడికాదు.

శాస్త్రజ్ఞులే పొరబడ్డారు

పైపైన చూసి రకం తేల్చేస్తే ఎంత పొరపాటు జరుగుతుందో పడమటి కనుమల్లోని ఒక గబ్బిలం కథ చెబుతుంది. తమిళనాడులోని హైవేవిస్ కొండల్లో, ఏడాది పొడవునా పచ్చగా ఉండే వానాడవుల్లో 1948లో ఆంగస్ హట్టన్ ఒక గబ్బిలాన్ని పట్టారు. దాన్ని పొట్టిముక్కు గబ్బిలమనుకుని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ మ్యూజియంలో భద్రపరిచారు. 24 ఏళ్ల తర్వాత, 1972లో, థాయిలాండ్ శాస్త్రజ్ఞుడు కిట్టి తోంగ్‌లోంగ్యా దాన్ని నిదానంగా పరిశీలించారు. పొట్టిముక్కు దానికి బుల్లి తోక ఉంటుంది, దీనికి అసలు తోకే లేదు. ముందు పళ్లూ తక్కువే. అది అంతకుముందు ఎవరూ గుర్తించని కొత్త జాతి అని తేలింది. పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ పేరు దానికి పెట్టారు. ఒక్క తోక చూడకపోతే ఒక జాతి ఉన్న సంగతే తెలియలేదు!

పండ్ల గబ్బిలాన్నీ చంపొద్దు

కాయలు తింటాయి నిజమే. కానీ బూరుగ పూలకు పరాగం అందించేది, ఇప్ప గింజల్ని అడవంతా చల్లేది కూడా ఇవే. పెద్ద గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది, పోగొట్టుకుంటే మళ్లీ పెరగడం కష్టం. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో పండ్ల గబ్బిలాల్ని కాకులు, ఎలుకలతోపాటు హానికర జంతువుల పట్టికలో చేర్చారు. 2022లో చట్టాన్ని సవరించి ఆ పట్టికనే తీసేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. 'గబ్బిలాన్ని చంపితే అడిగేవాడెవడు' అన్న పాత మాట ఇక చెల్లదు.

ఏం చేయాలి?

* కాయ రంగు తిరగగానే కోసేయండి. గబ్బిలాలకు కావాల్సింది బాగా మాగిన పండే.

* జామ, దానిమ్మ కాయలకు, అరటి గెలలకు సంచులు తొడగండి.

* వల కడితే చిన్న కళ్ల వలను బిగుతుగా కట్టండి. వదులు వలలో చిక్కుకుని గబ్బిలాలు, పక్షులు చస్తాయి.

* గబ్బిలం కొరికిన పండు తినొద్దు, పిల్లలకు పెట్టొద్దు, పశువులకు వేయొద్దు. 2018లో కేరళలోని కోళికోడ్ ప్రాంతంలో ప్రాణాలు తీసిన నిపా వైరస్ పండ్ల గబ్బిలాల్లో ఉండేదే. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు ముట్టిన పచ్చి ఈత రసం తాగి జబ్బు పడ్డారు. ఈత, తాటి చెట్లకు ముంతలు కట్టేవారు గబ్బిలం వాలకుండా వాటికి తడిక కట్టాలి.

* కింద పడ్డ గబ్బిలాన్ని ఉత్త చేత్తో ముట్టొద్దు. కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో బాగా కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

పాడుబడ్డ ఇంట్లో గబ్బిలాలు కనబడితే పొగ పెట్టే ముందు ఒకసారి కింద నేల చూడండి. పిప్పి లేదు, పురుగుల రెక్కలున్నాయంటే అవి కూలి అడగకుండా మీ చేలో పనిచేస్తున్న గబ్బిలాలు. వాటి జోలికి పోకండి.