ఇంటిపేరులో దాగిన ఊరు

పెళ్ళిపందిట్లో కొత్తవాళ్ళు పరిచయం కాగానే మనం ముందుగా ఏమడుగుతాం? "మీ ఇంటిపేరేమిటండీ?" అనే కదా! పెద్దవాళ్ళయితే అంతటితో ఊరుకోరు. "అది అత్తవారిది, మరి పుట్టింటివారిదో?" అని ఆరా తీస్తారు. ఆ రెండో ప్రశ్న గురించే ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ళ పేర్లే. ఇల్లు 'ఇంటి' అయినట్టు, ఊరు 'ఊరి' అవుతుంది. అలా టంగుటూరు నుంచి టంగుటూరి, కందుకూరు నుంచి కందుకూరి వచ్చాయి. సర్వేపల్లి, ఘంటసాల ఏ మార్పూ లేకుండానే ఇంటిపేర్లయ్యాయి. ఉన్న ఊళ్ళో ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు, అందరిదీ అదే ఊరాయె! వేరేచోటికి వెళ్ళి స్థిరపడ్డాకే "ఫలానా ఊరివాళ్ళు" అంటారు. అందుకే చూడండి, ప్రకాశం పంతులుగారు 1872లో పుట్టింది వినోదరాయునిపాలెంలో. రాధాకృష్ణగారు 1888లో తిరుత్తణిలో పుట్టారు. గాయకుడు ఘంటసాలగారు 1922లో చౌటపల్లిలో పుట్టారు.

అయితే ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు సుమండీ. సూర్యాపేట నుంచి కోదాడ వెళ్ళే దారిలో మునగాల తగులుతుంది. ఆ సంస్థానాధిపతి రాజా నాయని వెంకట రంగారావుగారి కోట పక్కనే నడిగూడెంలో ఉంది. ఆయన ఇంటిపేరూ, కవి నాయని సుబ్బారావుగారి ఇంటిపేరూ ఒకటే. అలాగని ఇద్దరూ ఒకే కుటుంబమనుకోగలమా?

దీనికి తిరగేసిన సంగతి కూడా ఆ సంస్థానంలోనే ఉంది. అక్కడ దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావుగారు, రాజావారూ, మరికొందరూ కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నెలకొల్పారు. ఆ రోజుల్లోనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసిన భండారు అచ్చమాంబగారు ఎవరనుకున్నారు? ఆయనకు స్వయానా అక్కగారు! బడికి వెళ్ళకపోయినా, తమ్ముడి చదువుతోపాటే తనూ చదువుకున్న మనిషి. ఒక తల్లి బిడ్డలే. కానీ పుస్తకాల పట్టికలో తమ్ముడు 'క'లో ఉంటే, అక్క 'భ'లో ఉంటుంది. చెప్పేవాళ్ళుంటే తప్ప ఎవరికి తెలుస్తుంది?

అచ్చమాంబగారి సంగతి నలుగురూ రాశారు గనుక నిలిచింది. మరి మన ఇళ్ళలో? ముత్తాతల పేర్లు గడగడా చెప్పే మనం, అమ్మమ్మ పుట్టింటిపేరు దగ్గర ఆగిపోతాం. నా సంగతీ అంతే. అడగాలని బుద్ధి పుట్టేసరికి చెప్పేవాళ్ళు లేకపోయారు. ఆవిడతోపాటే ఓ ఊరూ, ఆ ఊరి కథలూ పోయాయి.

పెద్దవాళ్ళింకా ఉన్న అదృష్టవంతులు ఆలస్యం చెయ్యకండి. ఇంట్లో పద్దులపుస్తకం ఉంటుందిగా, అందులో ఒక పేజీ చాలు. అమ్మ, అమ్మమ్మ, అత్తగారు, ఆవిడ తల్లి, ఒక్కొక్కరి పేరూ, పుట్టింటిపేరూ, ఊరూ రాయండి. చివర మీదీ రాయండి. రేపు మీ మనవరాలు ఆ పేజీ కోసమే వెతుక్కుంటుంది.