లైటు మసకబారిందా.. బల్బు కాదు, హోల్డరు చూడండి

పాత కార్లలో మాడిపోతున్న హెడ్‌లైట్‌ కనెక్షన్లు
ఎక్కువ వాట్ల బల్బులతో ముప్పు రెట్టింపు

బళ్లారి: గుంతకల్లులో పెళ్లి భోజనాలు ముగించుకుని రాత్రికి రాత్రే బళ్లారికి బయలుదేరతారు. సగం దారిలో ఎడమ లైటు మినుకుమంటుంది. దిగి బానెట్‌ మీద ఒక్కటిస్తే మళ్లీ వెలుగుతుంది. తెల్లారాక అంగడికి తీసుకెళ్లి కొత్త బల్బు వేయిస్తారు. కొన్నాళ్లకే మళ్లీ అదే కథ. బల్బు వెనక ఉండే హోల్డరును లాగి చూస్తే గానీ అసలు సంగతి బయటపడదు. ప్లాస్టిక్‌ గోధుమరంగుకు తిరిగి, ఓ మూల కరిగిపోయి ఉంటుంది. లోపలి ఇత్తడి క్లిప్పు నల్లగా మాడి, వేలితో తాకితే పొడి రాలుతుంది. ఇలాంటి హోల్డరులో కొత్త బల్బు పెట్టినా, ఖరీదైన బల్బు పెట్టినా ఒకటే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి మైసూరు వైపు పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర వైపు మిగిలాయి. గీత గీసింది పాలనకే గానీ చుట్టరికాలకు కాదు. పెళ్లైనా, చావైనా, ఆస్పత్రి పనైనా అటూ ఇటూ తిరగక తప్పదు. ఆ తిరుగుడు చాలావరకు రాత్రిపూటే. అందులో మారుతి 800లు, అంబాసిడర్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఈ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అంటే ఇప్పుడు నడుస్తున్న వాటిలో ఎంత కొత్తదానికైనా పదేళ్లు దాటినట్టే. వైరింగు వయసూ అంతే.

కాలేది ఎక్కడ?

వీటిలో ఎక్కువగా వాడే హాలోజన్‌ బల్బు 60/55 వాట్లది. బ్రైటు వేస్తే 60, డిమ్ము వేస్తే 55. పన్నెండు వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్ల కరెంటు. హోల్డరు క్లిప్పు బల్బు పిన్నును బిగువుగా పట్టుకున్నంతకాలం ఇది పెద్ద బరువు కాదు. ఏళ్లతరబడి వేడికి, కుదుపులకు క్లిప్పు సాగిపోతుంది. పట్టు వదిలిన చోట కరెంటుకు అడ్డు ఏర్పడుతుంది. అక్కడ వేడి పుడుతుంది. ఆ వేడికి క్లిప్పు ఇంకా వదులవుతుంది, చిలుము పడుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగే జబ్బు కాదిది.

చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. అంత వేడెక్కితే ఫ్యూజు కొట్టేయాలి కదా అని. కొట్టదు. ఫ్యూజు కాలేది కరెంటు హద్దు మీరినప్పుడే. వదులు క్లిప్పు దగ్గర కరెంటు పెరగదు, సరికదా కొంచెం తగ్గుతుంది. అందుకే ప్లాస్టిక్‌ కరిగి కమురు వాసన వస్తున్నా ఫ్యూజు నిక్షేపంగా ఉంటుంది. ముక్కు పట్టిన సంగతిని ఫ్యూజు పట్టలేదు.

బల్బుకు మూడు పిన్నులు. ఒకటి డిమ్ముకు, ఒకటి బ్రైటుకు, మూడోది రెండింటికీ ఉమ్మడి. ఏ లైటు వేసినా కరెంటు ఈ ఉమ్మడి పిన్ను గుండా పోవాల్సిందే. కాబట్టి ముందు చూడాల్సింది దాన్నే.

ఎర్రదుమ్ము.. వంద వాట్లు

బళ్లారి రోడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. 2000ల్లో సండూరు, హొసపేట వైపు నుంచి ఖనిజం లారీలు బారులు తీరిన రోజుల్లో చెట్ల ఆకులే ఎర్రబడ్డాయి. 2011లో సుప్రీంకోర్టు జిల్లాలో తవ్వకాలు నిలిపివేసింది. తర్వాత పరిమితులతో గనులు మళ్లీ తెరుచుకున్నాయి. ఈ దుమ్ము లైటు వెనక రబ్బరు టోపీ చిరిగితే నేరుగా హోల్డరులోకి దిగుతుంది. వానాకాలం చెమ్మ తోడైతే క్లిప్పులకు చిలుము పట్టడం ఇంకా తేలిక.

అదే దుమ్ము అద్దం మీద పేరుకుని వెలుగును తినేస్తుంది. అద్దం తుడవాల్సిన చోట యజమాని బల్బు మారుస్తాడు. 60/55 తీసేసి 100/90 పెట్టమంటాడు. చిక్కంతా ఇక్కడే. కరెంటు 5 నుంచి 8 ఆంపియర్లు దాటుతుంది. వేడి మాత్రం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే వదులు క్లిప్పు దగ్గర వేడి దాదాపు 2.8 రెట్లు! సన్న తీగలూ స్టీరింగు పక్కనుండే లైటు స్విచ్చూ అంత బరువుకు చేసినవి కావు. పైగా ఎదురుగా వచ్చేవాడి కళ్లు బైర్లు కమ్ముతాయి. రోడ్డు మీద ఈ బల్బులు వాడటం నిబంధనలకు విరుద్ధం కూడా.

కొందరు ఎల్‌ఈడీ బల్బులకు మారుతున్నారు. కరెంటు తక్కువ లాగుతాయి గనుక హోల్డరు కాలదు, నిజమే. కానీ హాలోజన్‌ కోసం చేసిన గిన్నెలో ఎల్‌ఈడీ పెడితే వెలుగు చెదిరి, ఎదుటివాడికి అదే బాధ. ఒకరి దారి బాగు కోసం ఇంకొకరిని గుంతలో దించడం ఏం న్యాయం?

కొలిస్తే తెలుస్తుంది

మెకానిక్‌ దగ్గరుండే మామూలు మల్టీమీటరు చాలు. ఇంజను నడుస్తుండగా లైట్లు వేసి, మీటరు ఒక కొసను బ్యాటరీ ప్లస్సుకు, రెండో కొసను హోల్డరు వెనక వెలుగుతున్న లైటు ప్లస్‌ తీగ కొసకు ఆనించాలి. మీటరు చూపేది దారిలో పోతున్న వోల్టేజి. అర వోల్టు లోపుంటే ఫరవాలేదు. ఒక వోల్టు దాటితే వైరింగులో రోగమున్నట్టే. ఎర్తు తీగకూ బ్యాటరీ మైనస్సుకూ మధ్య ఇలాగే కొలవాలి. పాత బండ్లలో తుప్పు పట్టిన ఎర్తు బోల్టే దొంగ అయిన సందర్భాలు బోలెడు. బల్బు దగ్గర వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. పోయిన వెలుగు దొరకాలంటే దారి బాగుచేయాలి, వంద వాట్లు కాదు.

ఇక మరమ్మతు. బ్యాటరీ మైనస్‌ తీసేశాకే చెయ్యి పెట్టాలి. మాడిన హోల్డరును ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ తగిలించడం నాలుగు రోజుల ముచ్చట. వేడికి మెత్తబడిన క్లిప్పుకు మళ్లీ బిగువు రాదు. కొత్తది వేయాల్సిందే, పింగాణీ హోల్డరైతే మరీ మంచిది. చాలామంది వదిలేసేది తీగను. వేడి రాగి వెంట లోపలికి పాకుతుంది. పైతొడుగు గట్టిపడి విరుగుతుంటే, లోపల రాగి నల్లబడి ఉంటే, మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోయాలి. అక్కడినుంచి కొత్త తీగ కలిపి, కొసకు లగ్గును సాధనంతో గట్టిగా నొక్కాలి. వేడి తగిలే చోట టంకం ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. మామూలు టంకం 190 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. తీగలు మెలేసి టేపు చుట్టడం గురించి మాట్లాడుకోకపోవడమే మేలు.

రిలే ఉంటే..

చాలా పాత కార్లలో లైట్ల కరెంటు మొత్తం స్విచ్చు గుండానే పోతుంది. బోరు మోటారుకు స్టార్టరు ఎలాగో హెడ్‌లైటుకు రిలే అలాగ. రైతు నొక్కేది చిన్న బటను, మోటారు కరెంటు మోసేది స్టార్టరు. డిమ్ముకొకటి, బ్రైటుకొకటి రెండు రిలేలు పెట్టి, బ్యాటరీ నుంచి లావుపాటి తీగతో నేరుగా లైట్లకు కరెంటు ఇస్తే స్విచ్చు మీద బరువు దాదాపు పోతుంది, వెలుగు పెరుగుతుంది. బ్యాటరీకి దగ్గర్లోనే ఒక్కో రిలేకు విడిగా ఫ్యూజు తప్పనిసరి. మామూలు బల్బులు రెండింటికీ కలిపి 10 ఆంపియర్లు గనుక 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టే అలవాటు ఉన్నచోట రిలే పెట్టకపోవడమే క్షేమం. తగిలే చోట తగిలితే ఆ తీగే నిప్పు రాజేస్తుంది.

సొంత కారు రిజిస్ట్రేషన్‌ గడువు పదిహేనేళ్లు. తర్వాత అయిదేళ్లకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. లైట్లు చూసేది అప్పుడే కదా అని ఆగేవారున్నారు. అన్నాళ్లు ఆగాల్సిన పని కాదిది. ఇంటి ముందే ఇంజను నడుస్తుండగా లైట్లు వేసి ఇరవై నిమిషాలు వదిలేయండి. తర్వాత ఆర్పి, బల్బును తాకకుండా రెండు హోల్డర్ల వెనక తీగలను మాత్రం పట్టి చూడండి. ఒకవైపు తీగ రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ వైపు హోల్డరు మొదలుపెట్టిందన్నమాట.